నలభై ఒకటో కవరు

బల్ల సొరుగులో కవర్లుంటాయి, వరసన, అంటించి.
లోపలేముందో నాకూ తెలీదు, డాక్టరుకీ తెలీదు.
ఫిట్స్‌తో గుంటో గుంటడో వస్తే
పైనున్నదే చింపాలి.
ముక్కులో కొట్టే మందా, నరంలో ఎక్కించే మందా
కాయితమే చెబుతుంది.
జాలిపడి మార్చకూడదు.
చెయ్యి ఎంచుకుంటే లెక్క చెడిపోతుందని
శిక్షణలో మొదటిరోజే చెప్పారు.

జీతం చీటీ మీద నేను బెవర హైమావతి, రిసెర్చ్ నర్సు.
గుణుపూర్ పిల్లల వార్డులో మాత్రం గడియారం సిస్టర్ని.
మెడలో స్టాప్‌వాచీ,
నడిస్తే ఐడీ కార్డుకు కొట్టుకుని టకటకమంటుంది.

శ్రావణం. వంశధార గట్లు తడుముకుంటోంది.
రాత్రి రెండూ పదికి జీపు దిగాడు జునేష్ రయితా,
తువ్వాల్లో చుట్టిన అయిదేళ్ళ పిల్లతో.
తువ్వాలు కదులుతోంది.
అంతే చూశాను.
చింపాను. నొక్కాను.

ముక్కు మందు.
నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు చేతులు ఆగాయి.
మంచి అంకె.
అలాంటి అంకె చూస్తే భువనేశ్వర్‌లో మా పెద్ద డాక్టరు
కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు.

తెల్లారేసరికి పిల్ల లేదు.
మలేరియా అప్పటికే మెదడుకెక్కింది.
మూడో పేజీలో "ఫిట్స్ ఆగాయి" దగ్గర టిక్కు,
తొమ్మిదో పేజీలో ఇంకో టిక్కు.
రెండూ నిజమే. రెంటికీ ఒకటే పెన్ను.

మా పద్ధతిలో అడగడం తర్వాత.
పిల్ల కొట్టుకుంటుంటే తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి
పదకొండు పేజీలు చదవలేం గనక
ముందు వైద్యం, ఆపైన అనుమతి.
లేచి బిస్కెట్టు అడిగే పిల్ల తాలూకు వాళ్ళైతే
చెప్పేది పూర్తికాకుండానే సంతకం పెడతారు.

జునేష్‌ని అడగాలి.
పత్రం ఒడియాలో ఉంది.
తల్లికి సవర మాట ఒక్కటే; గోడవేపు తిరిగి కూర్చుంది.
ఆయనకు తెలుగొచ్చు,
రణస్థలం దగ్గర ఇటుక బట్టీల్లో ఏడు సీజన్లు మోసిన తెలుగు.
అందులో బరువులున్నాయి, బాకీలున్నాయి,
మేస్త్రీ తిట్లన్నీ ఉన్నాయి,
"పరిశోధన" లేదు.
"ఏ మందు మేలో చూసుకుంటన్నాం బాబూ" అన్నాను.
"మా గుంటకి మేలుదే పడిందా?"
"ఏది మేలో తెలీకే ఈ కవర్లు."
కాటా ముల్లు చూసినట్టు
నా మొహం చూశాడు కాసేపు.

ఇంకు ప్యాడ్ తీయగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"బట్టీ అడ్వాన్సుకీ ఇలాగే నొక్కించినారు. ఆర్నెల్లు.
ఇదెన్నాళ్ళు?"
రూలు ప్రకారం కాయితాలు పదిహేనేళ్ళు దాస్తామన్నాను.
వేళ్ళ గణుపుల మీద లెక్కపెట్టాడు.
"అప్పటికి దానికి ఇరవై."

నొక్కాడు.

పేరు రాశావా అన్నాడు.
రాయకూడదన్నాను. గుణుపూర్ నలభై ఒకటి, అంతే.
అయినా చెప్పాడు, రెండుసార్లు, నిదానంగా.
ఇక్కడా రాయను.

ఇంకోటి కూడా చెప్పాడు:
"నీ గడియారం గేటుకాడ మొదలయ్యింది.
దానికి వణుకు పుట్టాసింగి దాటినాక, కల్వర్టు మీద.
జీపు లైట్లలో నీళ్ళు కనిపించినాయి, అప్పుడు.
అది కూడా కలపవా?"

మొదలైన సమయం గడిలో "తెలీదు" అని ఉంది, నా రాతే.
ఒక్క గీత పెట్టి కొట్టేశాను,
కింది మాట కనబడేలా. పక్కన పొడి సంతకం, తేదీ.
కల్వర్టు నుంచి. సుమారు గంటా పది.

వచ్చే నెల మోనిటర్ వస్తాడు.
ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి
దీనికి ఆధారం ఏది అంటాడు.
తండ్రి, అని రాస్తాను.
గడి చిన్నది. అంతకంటే పట్టదు.

సొరుగులో నలభై రెండోది పైకొచ్చింది.
మెడలో ఇంకా నాలుగూ ఇరవై.
సున్నా చెయ్యడం మర్చిపోయానని
రాసుకోండి, ఎవరైనా అడిగితే.