ముల్లు గీయని మొగలి

చందనం అయిపోయిందని
రాజోలు సెంటర్లో షావుకారు అంటగట్టిన పెట్టె.
పైన మొగలిపువ్వు బొమ్మ. ముల్లు గీయడం మరిచాడు.
శివయ్యకు పనికిరాదు,
నాకు పనికొస్తుందిలే.

కరెంటు పోయిన రాత్రి వెలిగించాను.
మొదట ఉత్త పొగే.
తర్వాత పచ్చివాసన,
ఉప్పుటేటి గాలి తగిలిన తీపి
కుట్టుమిషను మీది జాకెట్టు గుడ్డలోకి దిగింది.

పక్కింటి వీర్రాఘవమ్మ
టార్చిలైటుతో, కర్రతో వచ్చింది:
"మొగలి వాసనేస్తంది, పామేమో చూడవే!"

మంచం కింద, బియ్యం డబ్బా వెనక,
మిషను పెడలు దగ్గర కూడా వెతికాం.

పాము లేదు.
ఆవిడ వెళ్లలేదు.
కర్ర ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో చతికిలబడి
టార్చి ఆర్పేసింది.
"ఈ మోచేతి గీత ఆ పువ్వు కోసమే" అంది.

చాలాసేపయ్యాక,
"ఇంకోటుందా?"