మెత్తటి జాగ

మాలెగావ్ జాతరల కోండిబా దాని పండ్లు చూపిచ్చి
"ఆరేండ్లది, మనసు మాత్రం పసిపిల్లది" అన్నడు.
నేను పండ్లకే పైసలిచ్చిన.
మనసు సంగతి దెగ్లూరు వచ్చినంక తెలిసింది.

ప్లాస్టిక్ సంచి ఎగిరితే వణుకుడు.
కుక్కర్ సీటీ కొడితే పలుపు తెంపుడు.
ఎడమ దిక్కు చెయ్యి లేస్తే
కంట్ల తెలుపంత బయటికి.
ఆ దిక్కు నిలబడి ఎవడో చాన్నాళ్లు కొట్టిండు.
ఎవరూ చెప్పలె. చర్మం చెప్పింది,
ఈగ వాలకముందే జలదరించి.

"ఇది పెండ్లిగుర్రం అయితదా?"
నాల్‌బంద్ ఖాదర్ సాబ్ మోకాలు రుద్దుకుంట
నాలుగో లాడం నా చేతుల పెట్టి పోయిండు.
మూడు లాడాల గుర్రం.
నడిస్తే టక్, టక్, టక్,
తర్వాత ఒక మెత్తటి జాగ.

ఇరవై రెండేండ్లు బ్యాండుల క్లారినెట్ ఊదిన నేను.
ఎన్ని బరాత్‌లు, ఎన్ని గుర్రాల చెవుల పక్క!
ఒక్కనాడన్న ఎనక్కి తిరిగి చూసిన్నా
అవి ఎట్ల నిలబడ్డయో?

మరాఠీ వస్తదేమో అని "థాంబ్, బాయీ" అన్న.
తెలుగుల బతిమిలాడిన.
ఉర్దూల తిట్టిన కూడ, ఒక్కసారి,
ఆ ఒక్క తిట్టుకు పదిరోజుల మచ్చిక బుగ్గి.
మూడు భాషల ఊర్లె పుట్టి
దానికి సరిపోయే మాట ఒక్కటి లేదు నా దగ్గర.

ఇగ మాట బంద్ పెట్టిన.
పొద్దుగూకంగ లెండి వాగు ఒడ్డున
తొమ్మిదడుగుల అవతల బండ మీద
దానికి వీపు పెట్టి కూసున్న.
జొన్నరొట్టె తిన్న. బీడీ ముట్టియ్యలె.
దాన్ని ఏమీ అడగలె.

మొదట్ల నేను కదిలితే గడ్డి నములుడు ఆపేది.
తర్వాత తర్వాత, నేను ఊపిరి బిగబడితే ఆపేది.
సొసైటీ అప్పు యాదికొస్తే
నాకన్న ముందు దానికి ఎరుక.
సుమిత్ర నర్సింగుల పాసైన నాడు
నేను పాల్ పెట్టి కూసున్ననో లేదో
ఎనుక పెదవులు చప్పరిచ్చిన చప్పుడు.

మా ఉస్తాద్ అంటుండె,
"ఊదుడు ఎవడైనా ఊదుతడు, ఇడుసుడు నేర్చుకో."
అప్పుడు సమజ్ కాలె.
ఆ రాత్రి ఇడిసిన,
బొడ్డు కాడికెల్లి, పొడుగ్గ,
స్వరం లేకుండ, గిరాకీ లేకుండ.

టక్. టక్. టక్.
మెత్తటి జాగ.
నేను తిరగలె.
భుజం మీద, అదీ ఎడమ భుజం మీద,
వెచ్చటి ముక్కుపుటాలు.
నా ఊపిరి అది వాసన చూసింది.
దాని ఊపిరి నేను పీల్చిన:
కందిపొట్టు, వాగు నీళ్లు,
అడుగున ఎక్కడో జరంత భయం.
నాది కూడ అదే వాసన కావచ్చు.

నిన్న బాల్‌కిషన్ సేటు ఫోను:
"మాఘమాసం ముహూర్తాలున్నయి, గుర్రం తయారేనా?"
"గుర్రం తయారే సేట్, మీ బ్యాండే ఇంక కాలె" అన్న.
నవ్విండు. నేను నవ్వలె.

పొద్దున ఖాదర్ సాబ్ మళ్లొచ్చిండు.
కాలు నేను ఎత్తి పట్టుకున్న.
ప్రతి మొలకు ముందు సుత్తె గాలిల ఆపి
నా ఊపిరి దిగేదాంక చూసిండు ముసలాయన,
ఎవరు నేర్పిన్రో ఆయనకు.

ఇప్పుడు నాలుగు చప్పుళ్లు, నిండుగ, లెక్క తప్పకుండ.
నడుస్తుంటే నా చెవి మాత్రం
ఇంక ఆ మెత్తటి జాగ కాడ
ఆగుతనే ఉంది.