అడ్డం పద్నాలుగు

బ్రాడీపేటలో అడ్రసు చెప్పడం తేలిక.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
నిలువు నాలుగు, అడ్డం పద్నాలుగు.
ఆ గడిలో ఉంటాడు ఖాజావలి,
మా హాల్లో ఆపరేటరు.
ఎండ కాస్త తలొంచాక
ఆదివారం పేపరు మడిచి చంకన పెట్టుకుని
నేను ఆ గడిలోకి వెళ్తాను.

ఆడవాళ్ళ బుకింగులో ఇరవయ్యేడేళ్ళు కూర్చున్నాను.
చెయ్యి పట్టేంత కన్నం.
అందులోంచి చేతులే వచ్చేవి,
గాజుల చేతులు,
యార్డులో మిరపతొడాలు తీసి తీసి మండుతున్న చేతులు,
చెమటకి మెత్తబడ్డ రూపాయి కాగితాలు.
వెనక గోడకి అవతల సినిమా.
వినపడేది, అంతే.
ఎవరెప్పుడు ఏడుస్తారో
ఏ మాటకి బెంచీ వాళ్ళు ఈలేస్తారో
అన్నీ నోటికొచ్చు.
పోస్టరు మీద తప్ప
ఒక్క మొహమూ తెలియదు.

ఖాజావలిది ఇంకో రకం.
మిషను రొదలో చెవులు అరిగిపోయాయి.
బొమ్మ కనపడేది, మాట చేరేది కాదు.
వందసార్లు ఆడించిన సినిమాలో
హీరో ఇల్లొదిలి ఎందుకు పోతాడో
మొన్నటిదాకా తెలీదట.
"కూర బాగాలేక అనుకున్నా సువార్తమ్మా" అన్నాడు.

ఇప్పుడా హాలు లేదు. టైల్సు షాపు.
కోడలు టీవీకి ఏదో తగిలించి పెట్టింది,
పాత సినిమాలన్నీ అందులోనే.
వారానికొకటి చొప్పున
బాకీ వసూలు చేసుకుంటున్నాం ఇద్దరం.
తెర మీద మనిషి నోరు తెరవకముందే
నేను ఆ మాట అనేస్తాను.
కుడి మూల చుక్క కనపడగానే
అతను కుర్చీలో ముందుకి ఒంగుతాడు,
చేతులు రీలు కోసం తడుముకుంటాయి.
కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

కరెంటు పోతే గళ్ళు.
వీధి చివరికి వినపడేట్టు చదువుతాను,
"ఎటు నుంచైనా ఒకటే! మూడక్షరాలు!"
"జలజ."
"కాదయ్యా, మొదట కి పడింది."
"వికటకవి" అంటుంది మేడ మీంచి ఎదురింటావిడ.
అది అయిదమ్మా తల్లీ.
"చివర కొంచెం సాగుతుంది" అని కూడా ఉంది.
ఖాజావలి గోడకేసి చూసి
వేలితో గాల్లో చిన్న చదరం గీశాడు.
కిటికీ.
దాని వెనకే జీవితమంతా కూర్చున్నదాన్ని,
నాకు తట్టలేదు చూడండి.

ఒక సినిమా ఉండేది, మార్నింగ్ షోలకి తెగ వేసేవాళ్ళు.
ఇంటర్వెల్ అయ్యాక ఓ చోట
గోడవతల చడీ చప్పుడూ ఉండేది కాదు.
మాట లేదు, పాట లేదు,
నేల టిక్కెట్టు వాళ్ళ దగ్గు కూడా లేదు.
ఫిల్ము తెగిందేమో అనుకునేదాన్ని ప్రతిసారీ.
"ఎప్పుడూ తెగలేదు" అన్నాడు ఖాజావలి,
"రీలు మారే చోటది.
రెండో మిషను దగ్గర ఉండేవాణ్ణి,
నేనూ చూడలేదు."

మొన్న వచ్చింది ఆ చోటు.
ఆవిడ బావిలోంచి చేద తోడుతుంది.
దోసిలి పట్టి తాగుతుంది.
మిగిలిన నీళ్ళు కాకరపాదుకి పోస్తుంది.
చేతులు చీరకి తుడుచుకుంటుంది.
అంతే.
హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది దీనికా!

ఖాజావలి రిమోటు అడిగి తీసుకున్నాడు.
వెనక్కి తిప్పాడు.
మళ్ళీ బావి, మళ్ళీ చేద.
మూడుసార్లు చూశాం.
మూల చుక్క వచ్చింది, పోయింది,
అతని చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

కిటికీ నడిమి టి పట్టుకుని కిందికి దిగే మాట
ఇంకా ఖాళీగానే ఉంది.
పెన్సిలు చెక్కి ఇచ్చాడు గానీ
ఇద్దరిలో ఎవరం అడగలేదు దాని సంగతి.
వచ్చే ఆదివారం జవాబులు వేస్తారు,
తొందరేముంది.

చెప్పులేసుకుని
ఒక్కో లైనూ దాటుకుంటూ ఇంటికొచ్చాను.
బిందె పక్కన గ్లాసు బోర్లించి ఉంది.
దాన్ని అలాగే ఉంచి
దోసిలితో తాగాను.