కుడివైపు ఊపిరి

పాలవాక్కంలో సముద్రం ఒడ్డున
కార్పొరేషన్ వాళ్ల చిన్న పార్కు.
జారుడుబల్ల, రెండు సిమెంటు బెంచీలు,
ఉప్పుగాలి కొరుక్కుతింటున్న అరవ బోర్డు:
నీళ్లలో దిగరాదు. అపాయం.

ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే.
ఒక మధ్యాహ్నం, టిఫిన్ డబ్బా విప్పబోయే ముందు,
మూడు కార్బన్ కాపీలు, ఒక్క తప్పు లేకుండా.
అప్పటికి నా చీలమండ దాటి సముద్రం తడపలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు
చూసి కొట్టాల్సిన కాగితం కుడిపక్కనే ఉండేది.
మెడ అటే బిగిసిపోయింది.
ఎడమకి తిరగాలంటే మనిషి మొత్తం తిరగాలి.
ఈత నేర్పిన యాళిని నెల్లాళ్లు పోరి వదిలేసింది:
"పోనీండి ఆంటీ, కుడివైపే పీల్చుకోండి."

ఆదివారం. అయిదున్నర.
నడుముకి నారింజరంగు బుడగ కట్టుకుని
గుమ్మడికాయ దొంగలా భుజాలు తడుముకుంటూ
బోర్డు ముందునుంచే నడిచాను.
వాచ్‌మన్ కదిర్వేలు చూడనట్టు చూసి
నా కళ్లద్దాలు చొక్కాజేబులో వేసుకున్నాడు.
తెప్ప మీద ఎట్టియప్పన్ నీళ్లలో వేళ్లు ముంచి
"ఇవాళ తెండి. పోవడం కష్టం, రావడం సులువు" అన్నాడు.

మొదటి అల చెంప మీద కొట్టింది.
రెండోదాని కిందనుంచి దూరాను.
మూడోది నన్ను లెక్కలోకే తీసుకోలేదు.

దక్షిణానికి ఈదుతుంటే కుడివైపు ఊరు.
తల తిప్పినప్పుడల్లా ఒక ముక్క:
వాటర్ ట్యాంకు.
నీళ్లు.
ఎవరో ఆరేసిన పచ్చ టవల్.
నీళ్లు.
నడకకొచ్చిన జనం, అద్దాల్లేని కళ్లకి చీమలబారు.
నీళ్లు.
అలవాటు చొప్పున చదవబోతాను,
వేళ్లు నీళ్లలో అక్షరాలు వెతుక్కుంటాయి.
ఎంత ఈదినా అదే ట్యాంకు.
ప్రవాహం క్యారేజీని వెనక్కి తోస్తూనే ఉంది.

ఎట్టియప్పన్ తెడ్డుతో తెప్ప మీద తట్టాడు.
"చాలు, తిరుగమ్మా."

తిరిగాను.
ఇప్పుడు కుడివైపు
ఏమీ లేదు.
చూసి కొట్టడానికి ఒక్క వాక్యం లేదు.
నీళ్ల అంచు, దాన్నింకా వదలని సూర్యుడు.
భయమేసింది, నిజం చెప్పాలంటే.
కాళ్ల కింద ఎంత లోతో అప్పుడు గుర్తొచ్చింది.
నోరు తెరిస్తే ఊపిరికి బదులు ఉప్పు.
మళ్లీ తెరిచాను.
ఎన్నో బారకో తెలీదు,
లెక్కపెట్టడం మానేశానని తెలిసింది.
తెండి మోస్తోంది. వేళ్లు ఊరికే ఉన్నాయి.

ఒడ్డెక్కాక కాళ్లు నావి కావు.
కదిర్వేలు అద్దాలు తుడిచి చేతికిచ్చాడు.
పెట్టుకోగానే కనిపించింది బోర్డే.
అరవంలో దీర్ఘాన్ని కాలు అంటారు.
'అపాయం'లో ఆ కాలు తుప్పుపట్టి రాలిపోయింది.
వాళ్ల లిపిలో ఇక మిగిలింది
'అభయం'.

టైపిస్టుని. తప్పు కనిపిస్తే చెప్పాలి.
చెప్పలేదు.
తల వంచి గంతు వేస్తే
ఎడమ చెవిలోంచి
వెచ్చగా ఒక్క చుక్క జారింది.