కీలులో ఆట

లారీ కింద వెల్లకిలా పడుకుని
టైరాడ్ పట్టి ఒక్క ఊపు ఊపితే చాలు,
ఎండు ఎంత అరిగిందో నా చేతికి తెలిసిపోతుంది.
ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా ఇదే పని.
"ఆట ఉంది, మార్చాలి" అంటాను.
డ్రైవర్లందరిదీ ఒకటే మాట:
"ఈ ట్రిప్పుకి కానిచ్చెయ్, సైదులు మావా."

నా చీలమండకీ నేనదే చెప్పుకున్నాను.

మొదటిసారి షెడ్డులో,
జాకీ రాడ్డు మీద అడుగు పడి.
లోపలెక్కడో తడిగుడ్డ చిరిగిన చప్పుడు.
ఎముక విరగలేదుగా, బెణుకే అన్నారంతా.
చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టేసింది మా ఆవిడ.
వాపు తీసింది, పనిలోకి పోయాను.
రెండోసారి రామవరప్పాడు రింగులో బస్సు దిగుతుంటే.
మూడోసారి ఇంట్లోనే,
చదును గచ్చు మీద, ఏ కారణమూ లేకుండా,
చేతిలో టీ గ్లాసుతో.
ఆ తర్వాత లెక్క మానేశాను.
తలెత్తి నడవడమూ మానేశాను.

సూర్యారావుపేటలో డాక్టరమ్మది మా చిన్నదాని వయసు.
ఒక చేత్తో పిక్క కింద అదిమి
ఇంకో చేత్తో మడమని ముందుకి లాగింది.
సొరుగులా జారింది పాదం.
ఆమె నోరు విప్పకముందే నేనే అన్నాను,
"ఆట ఉందమ్మా."

నేను నరం అనుకున్నది నరం కాదట,
ఎముకని ఎముకతో పట్టి ఉంచే పట్టీ అట.
తెగి, అతికీ అతక్క, సాగిపోయి వేలాడుతోందట.
"మారుస్తారా?"
"ఎందుకూ, మీదే బాగుంది.
బిగించి, ఎముకలో చిన్న మేకు దించి కుట్టేస్తాను."
పాత బెల్టుకే
ఇంకో రంధ్రం పొడిచినట్టు.

ఆరు వారాలు
చక్రం ఊడదీసి రాళ్ళ మీద నిలిపిన బండిని.
తర్వాత ఫిజియో కుర్రాడు జోయెల్ వచ్చి
దిండు మీద ఒంటికాలితో నిలబడమన్నాడు,
కళ్ళు మూసుకుని.
మూడు అంకెలు లెక్కపెట్టేలోపు గోడ పట్టుకున్నాను.
"కుట్టు గట్టిదే బాబాయ్,
ఆ సంగతి నీ పాదానికే ఇంకా తెలీదు."
దానికి తెలియడానికి
ఎండాకాలం మొత్తం పట్టింది.

నిన్న బందరు కాలవ పక్కన
కంకర మీదుగా నడుస్తూ
ఓ కొంగని చూశాను.
కొంగ ఎగిరిపోయాక గుర్తొచ్చింది,
కిందికి చూడలేదని.

ఇవాళ పొద్దున్నే చిలకలూరిపేట లారీ.
ఊపి చూశాను. టకటకమంది.
"ఈ ట్రిప్పుకి..." అన్నాడు.
నేనేం మాట్లాడలేదు,
పాంటు పైకి మడిచి
చీలమండ పక్కన వంకర గీత చూపించాను.
వాడు కాసేపు దాన్నీ
కాసేపు తన ముందు చక్రాన్నీ చూసి
"ఎండు ఎంతవుద్ది మావా?" అన్నాడు.