తిరగలి మీద గుర్తు

శనివారం రాత్రి ఆసుపత్రి వరండాలో
ఐసు ప్యాకులు లెక్కపెడతాను,
డబ్బాకి నాలుగు.
ఫ్రిజ్ పక్కన చాప వేసుకుని గొర్లె దాలయ్య.
దాని మూలుగు ఆగితే చాలు, అతనికి మెలకువ.
ఇంటి దగ్గర నిద్ర పట్టడం మానేసిందట,
అంతా నిశ్శబ్దమని.

ప్లాను నాదే.
మందస కొండవైపు పదకొండు గూడేలు,
ఆరు టీములు, రెండు మోటారు సైకిళ్లు.
మ్యాపులో జీలుగుమెట్టకి దారి
నీలం పెన్నుతో నేను గీసిందే.
అక్కడ నిజంగా ఉన్నది ఒక గెడ్డ,
గెడ్డలో పదమూడు రాళ్లు.
ఏడో రాయి కదులుతుంది.
అది రాయడానికి ఫారంలో గడి లేదు.
కొత్తగా వచ్చిన పిల్లలకి నోటితోనే చెబుతాను:
"ఏడోది వదిలీండమ్మా."

సీసా మీద చిన్న వలయం, లోపల తెల్లటి చదరం.
వేడి తగిలిన కొద్దీ నల్లబడుతుంది.
వలయంతో సమానమైందా, ఆ సీసా ఇక పనికిరాదు.
ఆ చదరం కేసి చూసినంతగా
ఇరవై ఏళ్లలో మా ఆయన మొహం కేసి చూడలేదు.

జీలుగుమెట్టలో పద్నాలుగు ఇళ్లు.
సవర సుక్కాయి ముందురోజే గోడకి ఎర్రమన్ను అలికింది.
సుద్దముక్క ఎత్తగానే నా చెయ్యి పట్టేసుకుంది.
"ఓట్లోలొచ్చి రాసినారు. దోమలమందోలొచ్చి రాసినారు.
మరుగుదొడ్డొస్తాదని రాసినారు,
దొడ్డి రాలేదు, రాత ఉండిపోనాది.
నా గోడేటి, మీకు పలకా?"
ఏమనను?
తిరగలి చూపించింది, దీని మీద రాసుకో అని.
పైరాయి మీద రాశాను:
టీము నాలుగు, తేదీ,
ఇద్దరు పిల్లల్లో ఒకరు,
పక్కన ఎక్స్.
"మంగళారం చోళ్లు విసరాల.
ఆలోగా నీ గీత నువ్వే తుడుసుకో."

సాయంత్రం మీటింగులో
మండలం తొంభై ఎనిమిది దాటిందన్నారు,
గుడ్ అన్నారు.
మిగతా రెండు శాతంలో
నాకు ఒకడి పేరు తెలుసు. ఇసాకు.
పద్నాలుగు నెలలు. సుక్కాయి మనవడు.
తల్లితో పాటు పలాస వెళ్లిపోయాడు, జీడిపనికి.

సోమవారం కాశీబుగ్గలో మూడు బట్టీలు తిరిగాను.
నాలుగోదాంట్లో, పొగ అవతల,
దూలానికి కట్టిన గోనెసంచి ఉయ్యాల.
మేస్త్రీ గడియారం చూపించి అన్నాడు, అయిదు నిమిషాలని.
మొదటి చుక్క మింగాడు.
రెండోది నా చీర మీద ఉమ్మేశాడు.
మళ్లీ వేశాను.
ఎడమ చిటికెన వేలి గోటికి మార్కరు రాస్తుంటే
వాళ్లమ్మ మార్తమ్మ
తన చేతులు పక్కన పెట్టింది.
బూడిద రాసుకున్నా ఆగని జీడిరసం,
రెండో కణుపు దాకా తోలు కాలి నలుపు.
"ఆడికి ఒకేలు నల్లబడితే రోగం రాదన్నారు.
నాకు పదేళ్లూ నల్లబడ్డాయి కదమ్మా,
నాకేటి మందేసినారు?"
నవ్వుతూనే అడిగింది.
మేస్త్రీ దగ్గాడు.
నేను టాలీ షీటులో ఒక గీత గీశాను.

మంగళవారం నేను కొండెక్కలేకపోయాను, రిపోర్టులు.
దాలయ్య వెళ్లాడు.
చెప్పినా వినక ఏడో రాయి మీదే కాలు పెట్టాడట.
తడిసిన ప్యాంటుతో చేరేసరికి
సుక్కాయి అప్పటికే విసిరేస్తోంది.
రాయితో పాటే ఎక్స్
గిర్రున తిరుగుతోందట,
అంచుల మీద చోళ్లపిండి.
గుంటడు దొరికాడు, చుక్కలు పడ్డాయి అన్నాడు.
తిరగలి ఆపింది.
బొటనవేలితో తనే తుడిచేసింది.
తర్వాత ఒక్క మాట అడిగిందట.

సిగ్నలు తగిలే బండ ఒక్కటే ఉంది అక్కడ.
దాని మీదెక్కి దాలయ్య ఫోను చేశాడు.
"కోడలి సేతులు ఎలగున్నాయని అడుగుతోందమ్మా.
ఏటి సెప్పమంటారు?"

అతని చాప ఖాళీగా ఉంది.
ఫ్రిజ్ మూలుగుతోంది.
కాసేపు అదే విన్నాను.