పన్నెండో సెకండు

డిసెంబరు ఆఖరి ఆదివారం.
రేణిగుంట రోడ్డులో టైర్లంగడి మిద్దెపైన
కోచ్ ఢిల్లీబాబు తెల్లబోర్డు తుడిచి రాస్తా ఉండాడు:
ఈ యేటి గొప్ప ఫైటు. గొప్ప నాకౌటు. గొప్ప ఫైటరు.
పిల్లోళ్లు చెమట మ్యాట్ల మీద కూలబడి
ఒకరి మాట మీద ఒకరు పడతా ఉండారు.

నన్నెవురూ అడగలా.
నేను గాయాలు మూసేదాన్ని.
పొద్దున కొండమీద కల్యాణకట్టలో ఆడోళ్లకు గుండ్లు గీస్తా,
సాయంత్రం బస్సు దిగి ఇక్కడికొస్తా.
దూది, వ్యాసలీను, ఐసుగడ్డ.
రెండు చోట్లా పని ఒకటే:
వంగిన తలను పట్టుకోవడం,
కదలబాకు తల్లీ అనడం.

రౌండుకూ రౌండుకూ నడాన నాకిచ్చేది ఒక్క నిమిషం.
వాళ్లమ్మలు కూడా చూడనంత దగ్గరగా
ఆ మొగాలు చూస్తా.

మొదట మస్తాన్‌వలి పేరెక్కింది.
పదకొండు సెకండ్లు! మోకాలితో ఒకటే దెబ్బ!
ఫోన్లలో ఊరంతా తిరిగినాయి ఆ పదకొండు సెకండ్లు.
నాకు గుర్తుండేది పన్నెండోది.
పడినోడి నోట్లోంచి జారిన గార్డు ఏరి,
తన నిక్కరుకు తుడిచి,
వలి దాన్ని వాడి అరచేతిలో పెట్టినాడు.
వీడియో అంతకుముందే ఆగిపోతాది.

తర్వాత హేమాద్రి.
గంగజాతర వారంలో
ఎడమకన్ను పూడిపోయి, పెదవి బుడ్డలా వాచి గెలిచినోడు.
తెల్లారి ఆ మొగంతోనే వీధిలోకొస్తే
“ఏం వేషంరా అబ్బయా, భలే కుదిరిందే!” అని
ముసిలోళ్లు మెచ్చుకున్యారంట.
సగం వాపు నేను దించేసినా.
లేకుంటే ఇంకా కుదిరుండు.

చెంగల్రాయులు చెయ్యి గురించి పెద్ద రచ్చ.
మోచెయ్యి పటుక్కుమంటాంటే
మ్యాటు తట్టాలని వాడికి తట్టనే లేదు.
పుత్తూరు పోయి కట్టు కట్టించుకొని
ఆకుపసరూ గుడ్డుసొనా కంపుకొడతా
ఒంటిచేత్తో మ్యాట్లు చుడతాండాడు ఇప్పుడు.
ధైర్యం అని రాసినాడు ఢిల్లీబాబు.
నేనైతే ఆ మాట చెరిపేస్తా.

నా లెక్కలో గొప్ప ఫైటు చిత్తూరులో, ఆగస్టులో.
సీజనయిపోయి ఖాళీపడిన మామిడిగుజ్జు గోడౌను.
వాసన మాత్రం గోడల్లోనే ఉండాది.
రెడ్డెమ్మ, శంషాద్.
రెండో రౌండులో, కంచెకానుకొని ఒకర్నొకరు పెనేసుకొని ఉండంగా
కరెంటు పోయింది.

విడండి అన్యాడు రెఫరీ. ఈలల్లో ఎవురికి వినపడింది?
జనరేటర్లో డీజిలు లేదు.
ఆ చీకట్లో ఎవురు మోచెయ్యి విసిరినా
చూసేటోళ్లు లేరు.
ఎవురూ విసర్లా. పట్టూ వదల్లా.
కంచె ఇవతల, జానెడు దూరంలో నేను.
“నీ కనుబొమ తెగింది, చూసుకో.”
ఊపిరి. ఊపిరి.
“నీ మడమ?”
“పోయింది. ఎవురికీ చెప్పబాక.”

లైట్లొచ్చినాయి.
శంషాద్ గుద్దు నేరుగా కనుబొమ మీదికి.
రెడ్డెమ్మ తన్ను నేరుగా మడమకు.
ఇద్దురూ నవ్వినారు,
నీలం గార్డొకటి, ఎర్ర గార్డొకటి కనపడేలాగా.
గెలిచిందెవురో బోర్డు మీదుంటాది, చదువుకోండి.

నవంబరులో, తెల్లారుజామున,
టోకెను పట్టుకొని నా ముందొచ్చి కూర్చునింది రెడ్డెమ్మ.
నడుం దాటే జుట్టు.
నీళ్లు చల్లి తల వంచితే
కనుబొమ మీద నేను మూసిన గీత తెల్లబడి ఉండాది.
“ఏం మొక్కు? గెలవాలనా?”
“శంషాద్ మడమ మానాలని, అక్కా.
జనవరిలో మళ్లా ఉండాది మాకు.
కుంటిదాన్ని కొట్టి గెలిచిందంటే
నా మొగం యాడ పెట్టుకోవాల?”

కదలబాకు అన్యా.
ఒక్కో పాయా ఒళ్లో పడతాంది.
అయినాక చందనం పూసేముందు
గుండంతా అరచేత్తో తడిమి చూసినా.
యాడా ఒక్క గాటు లేదు.
ఈ యేడు నేను గెలిచింది అదే,
బోర్డులో చోటుంటే రాసుకోమని చెప్పల్ల.